సంక్రాంతి సెలవుల్లో కిలిమంజారో: ఐదు రోజుల ప్యాకేజీ సరిపోతుందా?

ప్రశ్న: నమస్కారమండి. మాది రాజోలు దగ్గర పల్లెటూరు. నాకు 42 ఏళ్లు, జిల్లా పరిషత్ హైస్కూల్లో టీచర్ని. మా ఆడపడుచు కూతురు హైదరాబాద్‌లో ఉద్యోగం చేస్తోంది, దానికి 24. "అత్తా, వచ్చే సంక్రాంతికి ఆఫ్రికా వెళ్లి కిలిమంజారో ఎక్కుదాం రా" అంటోంది. ఐదు రోజుల్లో ఎక్కి దిగే ప్యాకేజీ ఒకటి చూసిందట. మిగతావాటికంటే చౌక, నా సెలవులకీ సరిపోతుంది. ఇంకా ఏడు నెలలు టైముంది. రోజూ కాలువ గట్టున నడవడం నాకు అలవాటే. బీపీకి టెల్మిసార్టాన్, హైడ్రోక్లోరోథయజైడ్ కలిసిన మాత్ర వేసుకుంటాను, కంట్రోల్లోనే ఉంది. నేను ఎక్కిన కొండలంటే అన్నవరం, తిరుపతి, అంతే. సముద్రం పక్కన పెరిగినవాళ్లకి అంత ఎత్తు పడుతుందా? భూమధ్యరేఖ దగ్గరి దేశం కదా, చలి నిజంగా అంత ఉంటుందా? ఎత్తు పడకపోవడం రాకుండా వాడతారట, ఆ డయామాక్స్ మాత్ర వేసుకోవచ్చా? గుట్ట అనేదే లేని మా ఊళ్లో సాధన ఎలా చెయ్యాలి?

సమాధానం: వెళ్లచ్చండి. బీపీ అదుపులో ఉండి మీ డాక్టరు సరే అంటే 42 ఏళ్ల వయసు అడ్డు కాదు. ఆ ఐదు రోజుల ప్యాకేజీకి మాత్రం అడ్వాన్సు కట్టకండి. టాంజానియాలోని ఈ కిలిమంజారో మీద మామూలు దారుల్లో తాళ్లతో, ఐసు గొడ్డళ్లతో పని లేదు, మొదటి నుంచి చివరి దాకా నడకే. అయినా ఎంతోమంది, అందులోనూ మంచి కండబలం ఉన్న కుర్రాళ్లు, శిఖరం చూడకుండానే వెనక్కి వస్తారు. ఎత్తు అలవాటు కావడానికి శరీరానికి చాలినన్ని రోజులు ఇవ్వకపోవడమే ఎక్కువసార్లు దానికి కారణం.

శిఖరం పేరు ఉహురు, ఎత్తు 5,895 మీటర్లు. అక్కడ గాలిలో ఆక్సిజన్ పాలు మన రాజోల్లో ఉన్నంతే, 21 శాతం. గాలి ఒత్తిడి మాత్రం దాదాపు సగం, కాబట్టి ఒక్కో శ్వాసకి అందేదీ సగమే. దీనికి శరీరం మొదట వేగంగా ఊపిరి తీసుకుంటుంది. అలా తీస్తే రక్తంలో బొగ్గుపులుసు వాయువు తగ్గి రక్తం క్షారగుణం వైపు మొగ్గుతుంది. దాన్ని సరిచేయడానికి కిడ్నీలు బైకార్బొనేట్ అనే క్షార పదార్థాన్ని మూత్రంలో పంపేయాలి, ఈ సర్దుబాటుకు రోజులు పడుతుంది. ఎర్రరక్తకణాలు పెరగడానికైతే వారాలే కావాలి. రోజుకు పది కిలోమీటర్లు పరిగెత్తేవాడికైనా ఈ పని తొందరగా జరగదు.

మీరు సముద్రం పక్కన పెరగడం వల్ల నష్టమేమీ లేదు. ఎత్తు ప్రభావం సుమారు 2,500 మీటర్ల దగ్గర మొదలవుతుంది. హైదరాబాద్ ఉన్నది ఐదారొందల మీటర్ల ఎత్తులో, కాబట్టి మీ మేనకోడలికి మీకంటే కలిసొచ్చేది ఏమీ లేదు. తూర్పు కనుమల్లో అన్నిటికంటే ఎత్తైన అర్మకొండే 1,680 మీటర్లు. కిలిమంజారో కింద ఉన్న మోషీ పట్టణం కూడా వెయ్యి మీటర్ల లోపే. నెల్లూరు జిల్లా గాంధీ జనసంఘంలో పుట్టిన మల్లి మస్తాన్ బాబు 2006లో ఏడు ఖండాల ఎత్తైన శిఖరాలనూ 172 రోజుల్లో ఎక్కారు. ఆయనదీ కోస్తా జిల్లానే.

ఇప్పుడు ఐదు రోజుల లెక్క చూద్దాం. అది దాదాపు ఖాయంగా మరాంగు దారి అయి ఉంటుంది. మొదటి రాత్రి మందారా గుడిసెల్లో, 2,720 మీటర్లు. రెండో రాత్రి హొరొంబో, 3,720. మూడో రోజు కిబో, 4,720. ఆ అర్ధరాత్రే శిఖరానికి బయల్దేరదీస్తారు. పడుకునే చోటు రోజుకు వెయ్యి మీటర్లు పెరుగుతోంది చూడండి. 3,000 దాటాక పడుకునే ఎత్తు రోజుకు 500 మీటర్లకు మించి పెంచకూడదని, మూడు నాలుగు రోజులకోసారి అదే ఎత్తులో ఇంకో రాత్రి ఆగాలని పర్వత వైద్యులు చెప్పే సూత్రం. ఈ ప్యాకేజీ దానికి రెట్టింపు వేగంతో తీసుకెళ్తుంది. గుడిసెల్లో మంచాలుంటాయి, దారి సుళువుగా కనబడుతుంది. కొత్తవాళ్లు మోసపోయేది ఇక్కడే.

మా సలహా మచామె దారిలో ఏడు రోజులు, వీలైతే లెమోషో దారిలో ఎనిమిది. మచామెలో మూడో రోజు 3,840 మీటర్ల దగ్గరున్న షీరా నుంచి బయల్దేరి మధ్యాహ్నానికి లావా టవర్ అనే రాతిగుట్ట దాకా, 4,600 మీటర్లకు ఎక్కుతారు. అన్నం అక్కడ తిని, సాయంత్రానికి 3,960 మీటర్ల బరాంకో క్యాంపుకి దిగి పడుకుంటారు. ఎత్తు ఎక్కి, కిందికి దిగి నిద్రపోవడం అన్నమాట. లావా టవర్ దగ్గర తలనొప్పి రావడం మామూలే. బరాంకోకి దిగేసరికి తగ్గితే శరీరం సర్దుకుంటోందని అర్థం. ఇదే దారిని ఆరు రోజుల్లోనూ అమ్ముతారు. అందులో కరంగా క్యాంపులో రాత్రి ఉండదు. బరాంకో నుంచి ఒక్క రోజులో 4,670 మీటర్ల బరాఫూకి నడిపించి, నాలుగైదు గంటలు పడుకోబెట్టి అర్ధరాత్రి లేపుతారు. ఆ కరంగా రాత్రి కోసం పెట్టే డబ్బు ఈ ప్రయాణం మొత్తంలో అన్నిటికంటే బాగా ఖర్చయిన డబ్బు. ఈ కొండని మొదట ఎక్కిన హాన్స్ మేయర్ 1887లో మంచు దాకా పోయి వెనుదిరిగాడు. 1889లో ఆస్ట్రియా పర్వతారోహకుడు లుడ్విగ్ పుర్‌చెల్లర్‌తో మళ్లీ వచ్చినప్పుడు, ప్రతిసారీ కింది దాకా దిగిపోకుండా దారిలో తిండి నిల్వలతో క్యాంపులు పెట్టుకుని నిదానంగా ప్రయత్నించాడు, ఎక్కాడు.

చౌక సంగతి. పార్కు ప్రవేశం, క్యాంపు రుసుములు కలిపితేనే మనిషికి రోజుకు వంద డాలర్లు దాటుతాయి, వాటిని ఏ కంపెనీ తగ్గించలేదు. అంటే చౌక ప్యాకేజీలో కోత పడేది రోజుల మీద, తిండి మీద, అన్నిటికంటే ఎక్కువగా మూటలు మోసే పోర్టర్ల కూలి మీద. ఒక్కో పోర్టరు మోసే బరువుకు 20 కిలోల పరిమితి ఉంది, అందులో మీ బ్యాగు 15 కిలోలు దాటకూడదు. పోర్టర్లకు రోజుకు మూడు పూటలా భోజనం ఉంటుందా, పడుకోవడానికి సరైన టెంటు ఉంటుందా, కూలి ఎంత ఇస్తారు అని రాతపూర్వకంగా అడగండి. ఈ ప్రశ్నలకు సూటిగా జవాబివ్వని కంపెనీ మీ భద్రత గురించి కూడా అంతే. ఇంకో ముఖ్యమైన ప్రశ్న: శిఖరం రాత్రి మీ ఇద్దరికీ ఎంతమంది గైడ్లు? కనీసం ఇద్దరుండాలి. మీలో ఒకరు దిగాల్సి వస్తే ఒక గైడు వారితో దిగుతాడు, రెండోవారు ఎక్కడం ఆగదు. గైడు ఒక్కడే అయితే ఒకరి కోసం ఇద్దరూ దిగాలి. లేదంటే బాగోలేని మనిషి మొహమాటానికి ఇంకా పైకి నడుస్తుంది, ప్రమాదం అక్కడ వస్తుంది. ఈ విషయం మీరూ మేనకోడలూ ఇక్కడే మాట్లాడేసుకోండి.

సెలవుల విషయానికొస్తే, జనవరి మంచి నెలే. జనవరి నుంచి మార్చి మొదటి సగం దాకా, మళ్లీ జూన్ చివరి నుంచి అక్టోబరు దాకా అక్కడ పొడి కాలం. ఏప్రిల్, మే పెద్ద వానలు, కాబట్టి మన వేసవి సెలవులు పనికిరావు. కొండ మీద ఏడు రోజులు, రానుపోను నాలుగు, ఎక్కేముందు మోషీలో ఒకటి, మొత్తం పన్నెండు రోజులు. సంక్రాంతి సెలవులకి ముందో వెనకో రెండు మూడు రోజుల లీవు కలుపుకోవాలి. మీరు ప్రభుత్వ ఉద్యోగి కాబట్టి విదేశీ ప్రయాణానికి శాఖ అనుమతి కావాలి, ఆ ఫైలు ముందే పంపండి.

చలి ఎంత అన్నారు. కిలోమీటరు ఎత్తుకు సుమారు ఆరున్నర డిగ్రీలు తగ్గుతుంది. సముద్రమట్టంలో 30 డిగ్రీలు ఉందనుకుంటే ఆరు కిలోమీటర్ల ఎత్తుకు 39 డిగ్రీలు పోతాయి, మిగిలేది సున్నాకి తొమ్మిది కింద. అది కూడా గాలి లేనప్పుడు. తెల్లవారుజామున ఈదురుగాలిలో ఒంటికి తెలిసేది మైనస్ ఇరవై దాకా ఉండొచ్చు. భూమధ్యరేఖకు మూడు డిగ్రీల దక్షిణాన ఉన్నా శిఖరం దగ్గర హిమానీనదాలు ఉన్నది అందుకే. కింద మొదటి రోజేమో వాన, బురద, చెమట. రెండు వాతావరణాలకీ ఒకే సంచిలో బట్టలు సర్దాలి.

నూలు బట్టలు ఒంటిమీద వద్దు. మన కోనసీమ ఉక్కలో నూలే సుఖం. కొండమీద మాత్రం చెమట పీల్చి తడిగానే ఉండిపోయి, ఆగిన ఐదు నిమిషాల్లో వణుకు పుట్టిస్తుంది. లోపల సింథటిక్ లేదా మెరినో ఉన్ని బనీను, దానిమీద వెచ్చటి నూగుబట్ట ఫ్లీసు, ఆపైన పక్షి ఈకల నూగు నింపిన డౌన్ జాకెట్టు, అన్నిటికీ పైన గాలి, వాన ఆపే పొర. ఇదీ వరస. కాళ్లకు కూడా రెండు పొరలు, ఆపైన గాలి ఆపే ప్యాంటు. చేతులకి పల్చటి గ్లోవ్స్, వాటిమీద నాలుగు వేళ్లూ ఒకే గదిలో ఉండే మందపాటి మిట్టెన్లు. వేళ్లు విడిగా ఉండే గ్లోవ్స్ ఎంత ఖరీదైనవైనా ఆ గంటల్లో చాలవు. డౌన్ జాకెట్టు, మైనస్ పదిహేను తట్టుకునే స్లీపింగ్ బ్యాగు, చేతికర్రలు మోషీలో అద్దెకు దొరుకుతాయి, మళ్లీ వాడనివాళ్లు కొనక్కర్లేదు. బూట్లు మాత్రం అద్దెకు వద్దు. ఇప్పుడే, సాయంత్రం పూట కాళ్లు కాస్త ఉబ్బి ఉన్నప్పుడు, మందపాటి సాక్స్ తొడిగి చూసి అర సైజు పెద్దవి కొనండి. కనీసం రెండు నెలలు వాటిలోనే నడవండి. విమానంలో వాటిని కాళ్లకే వేసుకుని వెళ్లండి. లగేజీ తప్పిపోతే మిగతావన్నీ అక్కడ దొరుకుతాయి, మీ కాలికి అలవాటైన బూటు దొరకదు.

మందుల దగ్గర జాగ్రత్తగా చదవండి. ముందుగా హిమోగ్లోబిన్ పరీక్ష చేయించుకోండి. మన ఆడవాళ్లలో రక్తం తక్కువగా ఉండడం ఎక్కువ. ఆక్సిజన్‌ని మోసేదే హిమోగ్లోబిన్, అది తక్కువుంటే ఎత్తులో రెండింతల ఇబ్బంది. ఐరన్ మాత్రలతో నిండడానికి మూడు నెలలు పడుతుంది కాబట్టి ఈ నెలలోనే చూపించుకోవాలి. ఈసీజీ, ట్రెడ్‌మిల్ పరీక్ష కూడా మీ వయసుకి, మీ బీపీకి అవసరం. ఎత్తుకు వెళ్లిన మొదటి రోజుల్లో బీపీ పెరుగుతుంది, కాబట్టి మాత్ర మానకూడదు. అయితే మీ మాత్రలోని హైడ్రోక్లోరోథయజైడ్ మూత్రం ఎక్కువ పోయేలా చేసే మందు. డయామాక్స్ కూడా అదే పని చేస్తుంది. రెండూ కలిస్తే ఒంట్లో నీరు, పొటాషియం బాగా పడిపోవచ్చు. "ఐదువేల మీటర్ల పైకి వెళ్తున్నాను, డయామాక్స్ వాడాలనుకుంటున్నాను, ఆ రోజులకి నా బీపీ మాత్ర మార్చాలా?" అని ఇదే మాట మీ డాక్టర్ని అడగండి. మీ అంతట మీరు నిర్ణయించుకోవద్దు.

డయామాక్స్ అంటే అసిటజోలమైడ్. కిడ్నీలు చేయాల్సిన ఆ బైకార్బొనేట్ పనిని అది తొందరపెడుతుంది. నివారణకు మామూలుగా వాడే మోతాదు 125 మిల్లీగ్రాములు రోజుకు రెండుసార్లు, ఎక్కడానికి ముందురోజు నుంచి. సల్ఫా మందులు పడనివాళ్లు డాక్టరుకి ఆ సంగతి తప్పకుండా చెప్పాలి. వేళ్ల చివర్లలో, పెదవుల దగ్గర తిమ్మిరి పడుతుంది, రాత్రి రెండు మూడుసార్లు లేవాల్సి వస్తుంది, సోడా తాగితే చప్పగా, వింతగా ఉంటుంది. ఇవి భయపడాల్సినవి కావు. ఇంట్లో ఉండగానే రెండు రోజులు వేసుకుని చూస్తే కొండమీద కంగారు ఉండదు. రోజులు తగ్గించుకోవడానికి ఈ మాత్ర బదులు కాదు. ఐదు రోజుల ప్యాకేజీకి డయామాక్స్ కలిపి ధైర్యం చెప్పేవాళ్ల మాట వినకండి. నిద్రమాత్రలు, మద్యం కొండ దిగేదాకా వద్దు, అవి ఊపిరిని నెమ్మదింపజేస్తాయి.

తలనొప్పి, దానితో పాటు వికారమో, ఆకలి లేకపోవడమో, నీరసమో, కళ్లు తిరగడమో ఉంటే అది ఎత్తు జబ్బు మొదటి మెట్టు. ఆ రోజుకి పైకి పోవద్దు. నీళ్లు, విశ్రాంతి, పారాసెటమాల్. తగ్గితే ముందుకి, తగ్గకపోతే అక్కడే ఉండాలి, ఎక్కువైతే దిగాలి. రెండు ప్రమాదాలు మాత్రం గుర్తుపెట్టుకోండి. మొదటిది మెదడు వాపు. మనిషి తూలుతుంది, పొంతన లేకుండా మాట్లాడుతుంది, బూటు లేసు కట్టుకోలేదు. అనుమానం వస్తే నేలమీద గీత గీసి, ఒక పాదం మడమకి రెండో పాదం బొటనవేలు ఆనేలా పది అడుగులు నడిపించండి. తడబడితే తెల్లారేదాకా ఆగకూడదు, ఆ క్షణమే దించాలి. రెండోది ఊపిరితిత్తుల్లో నీరు చేరడం. నడుస్తున్నప్పుడు ఆయాసం అందరికీ ఉంటుంది. కూర్చుని పది నిమిషాలైనా ఆయాసం తగ్గకపోతే, దగ్గులో నురుగు వస్తే, దానికీ దిగడమే మందు. గైడు దగ్గర ఆక్సిజన్ సిలిండరు, మందులు ఉన్నా అవి దించడానికి సాయమే తప్ప అక్కడే కూర్చోబెట్టడానికి కాదు. వెయ్యి మీటర్లు దిగేసరికి చాలామంది తేరుకుంటారు.

గైడు పొద్దున సాయంత్రం వేలికి ఆక్సీమీటరు పెడతాడు. బరాఫూ ఎత్తులో 80 చుట్టుపక్కల రావడం వింత కాదు. ఇంట్లో 98 చూసిన కళ్లకి గుండె ఆగినంత పనవుతుంది. వేళ్లు చల్లగా ఉంటే ఇంకా తక్కువ చూపిస్తుంది, చేతులు రుద్ది మళ్లీ పెట్టాలి. అంకెకంటే మనిషి ఎలా ఉందన్నది ముఖ్యం. ఇంకొక్కటి: రాత్రి నిద్రలో మీ మేనకోడలి ఊపిరి కాసేపు ఆగి, మళ్లీ గట్టిగా అందుకోవడం వినిపిస్తుంది. మీదీ అలాగే ఉంటుంది. ఎత్తులో నిద్ర తీరే అంత. భయపడి లేపక్కర్లేదు.

సాధన మీద బెంగ వద్దు. మీకు కొండ లేదు గానీ మేడలున్నాయి, ఇసుక ఉంది. బరాఫూ నుంచి శిఖరానికి ఎక్కేది 1,225 మీటర్లు. ఒక అంతస్తు మూడు మీటర్లనుకుంటే 400 అంతస్తులు. అంత ఒకేసారి ఎక్కనక్కర్లేదు, సగానికి కాస్త తక్కువైనా చాలు. మొదటి రెండు నెలలు వారానికి ఐదు రోజులు కాలువ గట్టున గంటసేపు చురుగ్గా నడవండి, ఆదివారం ఏటిగట్టు మీద మూడు గంటలు. మూడో నెల నుంచి వారానికి మూడు రోజులు మెట్లు. మూడంతస్తుల మేడ అంటే ఒక్కసారికి సుమారు పది మీటర్లు. పదిసార్లతో మొదలుపెట్టి, వారానికి ఐదేసి పెంచుతూ యాభై దాకా వెళ్లండి. వీపున సంచిలో లీటరు నీళ్ల సీసాలు పెట్టుకోండి. సీసాకి ఒక కిలో, మొదట మూడు, చివరికి ఏడు. ఏడు కిలోలే కొండమీద మీరు రోజూ మోసేది. మోకాలు నొప్పెడితే ఒక సీసా ఒలకబోస్తే సరి. దిగేటప్పుడు లిఫ్టు ఎక్కకండి. దిగడమే మోకాళ్లకి అసలు పరీక్ష, దాన్ని కూడా సాధన చెయ్యాలి. ఊపిరి ఆడే తీరుకి కొలత ఒకటుంది: ఎక్కుతూ ఒక పూర్తి వాక్యం ఆగకుండా చెప్పగలగాలి. చెప్పలేకపోతే వేగం ఎక్కువైనట్టే.

అంతర్వేది మీకు దగ్గరే. అలలు తడిపే గట్టి ఇసుక మీద కాకుండా పైనున్న పొడి ఇసుకలో, సంచి వేసుకుని గంట నడవండి. అడుగు వేస్తే సగం వెనక్కి జారుతుంది చూశారా, శిఖరం రాత్రి బూడిద రంగు కంకర వాలు అచ్చం అలాగే ఉంటుంది. ఐదు, ఆరో నెలల్లో శని, ఆదివారాలు వరసగా నాలుగేసి గంటల నడక పెట్టుకోండి. రెండోరోజు అలసిన కాళ్లతో నడవడమే అక్కడ ఏడు రోజుల పని. తిరుపతి వెళ్లే పని పడితే శ్రీవారి మెట్టు 2,388 మెట్లు ఎక్కి, కాళ్లతోనే దిగిరండి. చివరి పదిరోజులు సాధన సగానికి తగ్గించండి. ప్రాణాయామం చేస్తే మంచిదే, నిదానంగా నిండుగా ఊపిరి తీసుకోవడం వస్తుంది. అది ఎత్తుకు అలవాటు చేస్తుందనుకుంటే మాత్రం పొరపాటు.

తిండి. నాలుగువేల మీటర్ల దగ్గర నీళ్లు 87 డిగ్రీలకే మరుగుతాయి. అన్నం పలుకుగా ఉంటుంది, కందిపప్పు కుక్కరు లేకుండా ఉడకదు. వంటవాళ్లు పెట్టే జావ, సూపు, బంగాళాదుంపలు, గుడ్లు నమ్ముకోండి. ఎత్తు పెరిగేకొద్దీ ఆకలి చచ్చిపోతుంది, అప్పుడు నోటికి రుచి తగిలించేది కారమే. కందిపొడి, కరివేపాకు పొడి చెరో పావుకిలో తీసుకెళ్లండి, బరువు లేదు. దారిలో కొరుక్కోవడానికి పల్లీ చెక్కీ చిన్న ముక్కలుగా కొట్టి జేబులో ఉంచుకోవాలి, పెద్దది చలికి రాయైపోయి పళ్లు దిగవు. సున్నుండలు మూడువేల మీటర్ల దాకా బాగుంటాయి, పైన నెయ్యి గడ్డకట్టి గొంతు దిగవు. తాపేశ్వరం కాజా పాకం కారి సంచి పాడుచేస్తుంది. పూతరేకులు మోషీ చేరేలోపే పొడైపోతాయి. నీళ్లు రోజుకు మూడు, నాలుగు లీటర్లు, దాహం కోసం చూడకుండా తాగాలి. అక్కడివాళ్లు అల్లాన్ని తంగావీజి అంటారు, ఆ టీని ఫ్లాస్కులో అడిగి పోయించుకోండి.

ఆడవాళ్ల విషయం కూడా చెప్పాలి. ఎత్తు, అలసట వల్ల నెలసరి తారీఖు ముందూ వెనకా కావచ్చు, కాబట్టి లెక్కతో పని లేకుండా ప్యాడ్లు ఉంచుకోండి, వాడినవి కట్టి కిందికి తేవాలి. రాత్రి టెంటు బయటికి పోకుండా వాడుకోవడానికి వెడల్పు మూతి డబ్బా, ఆడవాళ్ల కోసం వచ్చే గరాటు దొరుకుతాయి. ఇంట్లోనే వాడి అలవాటు చేసుకోండి. బయటికి వెళ్లాలన్న బద్ధకంతో నీళ్లు తగ్గించడం చాలామంది చేసే తప్పు.

ఇక ఆ రాత్రి. పదకొండింటికి లేపి టీ, బిస్కట్లు ఇస్తారు. హెడ్ ల్యాంపు బ్యాటరీలు, ఫోను ముందే లోపలి జేబులో ఒంటికి ఆనుకుని ఉండాలి, బయట ఉంటే చలికి చార్జి దిగిపోతాయి. నీళ్ల సీసాని సంచిలో తలకిందులుగా పెట్టండి. మంచు పైనుంచి కడుతుంది, కాబట్టి మూత దగ్గర కాకుండా అడుగున గడ్డకడుతుంది. రబ్బరు గొట్టంతో తాగే సంచి మొదటి గంటలోనే బిగుసుకుపోతుంది, దాన్ని నమ్ముకోవద్దు. ముందు గైడు అడుగు, వెనక మీ అడుగు. వెనకకాలు మోకాలు నిటారుగా పెట్టి బరువంతా ఎముక మీద ఒక క్షణం ఆపి, అప్పుడు రెండో కాలు వెయ్యాలి. అడుగుకొక శ్వాస. "పోలె పోలె" అంటూంటాడు గైడు, మెల్లగా మెల్లగా అని. ఆగితే రెండు మూడు నిమిషాలే, కూర్చుంటే చలి పట్టేస్తుంది. అర్ధరాత్రి బయల్దేరేది ఊరికే కాదు. చలికి ఆ కంకర గట్టిపడి ఉంటుంది, ఎండెక్కాక వదులై జారుతుంది. ఆరేడు గంటలకి 5,750 మీటర్ల దగ్గర స్టెల్లా పాయింటు అంచుకి చేరతారు, తూర్పు తెల్లబడుతుంది. అక్కడి నుంచి ఉహురుకి ముప్పావుగంట, గంట, వాలు తక్కువ. నల్ల కళ్లద్దాలు అక్కడే పెట్టేసుకోవాలి. భూమధ్యరేఖ ఎండ, ఆ ఎత్తు, పక్కన మంచు, ఈ మూడూ కలిసి గంటలో కళ్లు మండిస్తాయి. శిఖరం మీద పావుగంట చాలు. అక్కడ బాగానే ఉంది కదా అని కూర్చుండిపోయినవాళ్లకే దిగేటప్పుడు తలనొప్పి మొదలవుతుంది.

దిగడం అదే రోజు 3,100 మీటర్ల మ్వెకా క్యాంపు దాకా. ఒక్క రోజులో 2,800 మీటర్ల దిగుడు, నిద్రలేని కాళ్లతో. కాలిగోళ్లు బయల్దేరేముందే పొట్టిగా కత్తిరించుకోండి. లేకపోతే బూటు ముందుకి గుద్దుకుని గోళ్లు నల్లబడి ఊడిపోతాయి. లేసులు చీలమండ దగ్గర బిగించి, వేళ్ల దగ్గర వదులుగా ఉంచాలి. కంకరలో మడమ ముందు ఆనించి జారుతూ దిగితే మోకాలికి దెబ్బ తగలదు. చేతికర్రల పొడవు పది సెంటీమీటర్లు పెంచుకోండి.

కాగితాల సంగతి. టాంజానియా వీసా ఆన్‌లైన్‌లోనే వస్తుంది. విమానాలు చాలావరకు నైరోబీ లేదా అడిస్ అబాబా మీదుగా వెళ్తాయి. ఆ రెండు దేశాలూ మన ప్రభుత్వం ఎల్లో ఫీవర్ ఉన్నట్టు లెక్కగట్టిన జాబితాలో ఉన్నవే. టీకా ప్రయాణానికి కనీసం పదిరోజుల ముందు వేయించుకుని పసుపుపచ్చ కార్డు తెచ్చుకోండి, లేకపోతే తిరిగొచ్చాక ఇక్కడే క్వారంటైన్‌లో ఆపొచ్చు. హైదరాబాద్ నారాయణగూడలోని ఐపీఎం (ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్)లో వేస్తారు, మీ మేనకోడలి దగ్గరికి వెళ్లినప్పుడు పనైపోతుంది. మోషీలో మలేరియా ఉంది, దాని మాత్రల గురించి కూడా మీ బీపీ డాక్టర్నే అడగండి. ప్రయాణ బీమా పత్రంలో "6,000 మీటర్ల వరకు ట్రెకింగ్" అని ఉందో లేదో అక్షరం అక్షరం చదవండి, మామూలు పాలసీలు అంతకంటే చాలా కిందనే ఆగిపోతాయి. బట్టలు ప్లాస్టిక్ కవర్లలో సర్దకండి. 2019 జూన్ 1 నుంచి ఆ దేశంలో ప్లాస్టిక్ క్యారీబ్యాగులు నిషేధం, విమానాశ్రయంలోనే తీయించేస్తారు. వాన తగలకుండా గుడ్డతో కుట్టిన డ్రై బ్యాగులు నాలుగు కొనుక్కోండి, ఒకటి స్లీపింగ్ బ్యాగుకి, ఒకటి శిఖరం రాత్రి బట్టలకి. మొదటి రోజు అడవిలో వాన పడినా ఆ రెండూ పొడిగా ఉండాలి.